ఆహార్యమే వస్తువు: తోట వైకుంఠం చిత్రాల్లో సంప్రదాయం

తోట వైకుంఠం చిత్రాల ప్రస్తావన వచ్చినప్పుడు రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఒకటి జానపదం, రెండవది తెలంగాణతనం. ఈ రెండింటినీ ముడివేసి, చేర్యాల నకాషీ పటాల వారసత్వమే ఆయన కుంచెలో ఆధునిక రూపం దాల్చిందని చెప్పడం ఒక సులభమైన వివరణ. ఇందులో అసత్యం కంటే అస్పష్టత ఎక్కువ. ఒక చిత్రకారుడు సంప్రదాయం నుంచి స్ఫూర్తి పొందాడన్నప్పుడు ఆ సంప్రదాయంలో దేనిని స్వీకరించాడు, దేనిని విడిచిపెట్టాడు, ఆ విడిచిపెట్టడం వల్ల స్వీకరించినదాని అర్థం ఎట్లా మారింది అన్న ప్రశ్నలు వేయకపోతే జానపదం అనే మాట ప్రశంసగా మిగులుతుందే తప్ప విమర్శ పరిభాష కాజాలదు. సాహిత్య విమర్శకు ఈ జాగ్రత్త కొత్తది కాదు. బిరుదురాజు రామరాజు పరిశోధన తరువాత జానపద గేయానికీ, జానపద బాణీలో రాసిన ఆధునిక గేయానికీ మధ్య గీత గీయడం తెలుగు విభాగాల్లో ప్రాథమిక పాఠం అయింది. చిత్రకళ దగ్గరికి వచ్చేసరికి ఆ గీత చెరిగిపోతున్నది.

వైకుంఠం చిత్రాల్లో సంప్రదాయం కథారూపంలో లేదు, ఆహార్యరూపంలో ఉంది. భరతుడు చెప్పిన చతుర్విధాభినయాల్లో వేషభూషలకు, వర్ణలేపనానికి సంబంధించిన ఆ మూడవ అంశమే ఇక్కడ చిత్రవస్తువు స్థాయికి ఎదిగింది. అందువల్ల ఆయన కళకు మూలాన్ని పటంలో వెతకడం కంటే రంగస్థలం మీద వెతకడం సమంజసం. ఆయన స్త్రీమూర్తుల ఔన్నత్యమూ, వాటి పరిమితీ రెండూ ఈ ఒక్క ఎంపిక నుంచే పుట్టాయి.

వైకుంఠం 1942లో ఇప్పటి తెలంగాణలోని బూరుగుపల్లిలో జన్మించారు. ఆ గ్రామం చాలాకాలం కరీంనగర్ జిల్లాలో ఉండేది. హైదరాబాదు లలితకళల కళాశాలలో చిత్రలేఖనం అభ్యసించి, 1970ల తొలినాళ్లలో బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో చిత్రకళ, ముద్రణకళ నేర్చుకున్నారు. అక్కడ ఆయన గురువు కె.జి. సుబ్రహ్మణ్యన్. అనంతరం హైదరాబాదు బాలభవన్‌లో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పారు. తొలిదశలో ఆయన సాధన ఎక్కువగా బొగ్గుతో, పెన్సిలుతో సాగింది. ఆయన పేరు వినగానే నేడు కళ్లకు కట్టే ఎరుపు, పసుపు, ఆకుపచ్చలు తరువాత వచ్చాయి. ఈ కాలక్రమం చిన్న వివరంగా కనిపించినా ఆయన కళను అంచనా వేయడంలో దీని పాత్ర పెద్దది.

పటం చేసే పని

చేర్యాల పటాన్ని దాని పని నుంచి విడదీసి చూడటం వల్లనే పోలికలో చిక్కు వచ్చింది. ఖద్దరు గుడ్డకు గంజి, చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపి పూతలు పూసి, ఆరిన తరువాత దాని మీద నకాషీలు బొమ్మ వేసేవారు. దాదాపు మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగులకు తగ్గని పొడవు. అడ్డగీతలతో, పూల అంచులతో వరుసలుగా విభజించిన ఆ గుడ్డను కథకుడు ఒక్కొక్క వరుసగా విప్పుతూ, కర్రతో చూపుతూ కథ చెబుతాడు. పటం మీది ఎర్రని నేపథ్యం రాత్రివేళ దీపపు వెలుగులో కూర్చున్న జనానికి దూరం నుంచి కూడా బొమ్మ తెలియడానికి ఉపకరిస్తుంది. నకాషీ పటం వేస్తాడు గాని కథ చెప్పడు. చెప్పేవాడు వేరు, వినేవాడు వేరు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. ప్రతి కులానికీ తన పుట్టుకను చెప్పే పురాణం, దానిని చెప్పే ఆశ్రిత కులం, ఆ కులానికి పటం వేసిచ్చే నకాషీ కుటుంబం. ఈ మూడింటి మధ్య ఉన్న ఒడంబడికే పటకళ.

కాబట్టి పటం మొదట చిత్రం కాదు. అది ఒక హక్కుపత్రం వంటిది. ఆ ఊళ్లో ఆ కులానికి కథ చెప్పి ప్రతిఫలం అందుకునే మిరాశీ హక్కు కథకుడికి ఉన్నదనడానికి అది సాక్ష్యం. శిథిలమైన పటాన్ని పారవేయరు, శాస్త్రోక్తంగా నీటిలో కలుపుతారు. కొత్త పటంలో కన్ను దిద్దడం చివరి పని, అదీ పూజ తరువాతనే. ఇంతటి సామాజిక, మతపరమైన బరువును మోసే వస్తువు నుంచి ఒక ఎర్రరంగును, ఒక నల్లని హద్దుగీతను, కొన్ని నగలను మాత్రం తీసుకుంటే దానిని వారసత్వం అనడానికి సంకోచించాలి. అరువు అనవచ్చు. అరువు తప్పేమీ కాదు. అరువు తెచ్చుకున్నవాడు దానితో ఏమి చేశాడన్నది ముఖ్యం.

వైకుంఠం చేసిన పని ఏమిటంటే పటంలోని ఒక మూర్తిని బయటికి తీసి, చుట్టూ ఉన్న కథను తొలగించి, ఆ మూర్తి చిత్రఫలకం మొత్తం నిండేంతవరకు పెంచడం. పటంలో స్త్రీ ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉంటుంది. నేస్తుంది, పాలు పితుకుతుంది, యుద్ధానికి వెళ్లే కొడుకును సాగనంపుతుంది, శపిస్తుంది. ఆమె ముందొక సంఘటన, వెనుకొక సంఘటన. పాత్రల పరిమాణం కూడా కథ అవసరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. వైకుంఠం స్త్రీ కూర్చుంటుంది, నిలబడుతుంది, పక్కనున్న స్త్రీతో ఏదో చెబుతున్నట్టు తల వంచుతుంది. కొన్నిచోట్ల చేతిలో తమలపాకు ఉంటుంది, కొన్నిచోట్ల భుజం మీద చిలుక. అంతకుమించి జరిగేదేమీ లేదు. వెనుక ఊరు లేదు, చెట్టు లేదు, తరచుగా గోడ కూడా లేదు. ఒక సమతలమైన రంగు ఉంటుంది. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే పటంలో క్రియాపదం ప్రధానం, ఇక్కడ విశేషణం ప్రధానం.

కథాకథనం నుంచి ప్రతిమాస్థితికి జరిగిన ఈ ప్రయాణం నకాషీ సంప్రదాయంలోంచి సహజంగా రాలేదు. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య చిత్రాలతో పోల్చితే ఈ సంగతి తేటపడుతుంది. నకాషీ రీతిని బుద్ధిపూర్వకంగా అభ్యసించి తనదిగా చేసుకున్న రాజయ్య బోనాలు, బతుకమ్మ వంటి వస్తువులను ఎన్నుకున్నప్పుడు సమూహాన్ని, కదలికను, సందర్భాన్ని నిలుపుకున్నారు. ఆయన చిత్రంలో పండుగ జరుగుతుంది. వైకుంఠం చిత్రంలో పండుగకు సింగారించుకున్న మనిషి మాత్రమే ఉంటుంది. పటానికి ఎవరు దగ్గర అని అడిగితే రాజయ్య పేరే చెప్పాలి.

బరోడా నేర్పిన చూపు

కథను తొలగించే ధైర్యం వైకుంఠానికి బరోడాలో అలవడి ఉంటుందనడం సహేతుకం. శాంతినికేతనంలో నందలాల్ బోస్, వినోదబిహారీ ముఖర్జీల వద్ద శిక్షణ పొందిన సుబ్రహ్మణ్యన్ సంప్రదాయాన్ని కాపాడవలసిన నిధిగా కాక వాడుకోవలసిన భాషగా చూశారు. చేతివృత్తుల కళాకారుడు మట్టితోనో, గాజుతోనో, గుడ్డతోనో పనిచేసేటప్పుడు పదార్థపు స్వభావం ఏ రూపాలను అనుమతిస్తుందో గమనించి, ఆ ఆకృతి సూత్రాన్ని గ్రహించమన్నది ఆయన బోధనలోని సారం. బొమ్మను నకలు చేయవద్దు, బొమ్మ పుట్టిన తీరును పట్టుకొమ్మని తాత్పర్యం. 1987లో పుస్తకంగా వచ్చిన ఆయన ఉపన్యాసాలకు సజీవ సంప్రదాయం అనే అర్థం వచ్చే పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు.

ఇదే గురువు వద్ద వైకుంఠం కంటే ముందే చదివిన తెలంగాణ కళాకారుడు కె. లక్ష్మాగౌడ్. మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో 1940లో పుట్టిన ఆయన కూడా పల్లెనే వస్తువుగా తీసుకున్నారు. అయితే 1970ల నాటి ఆయన లోహఫలక ముద్రణ చిత్రాల్లోని పల్లె బూడిదరంగులో ఉంటుంది. మనిషి, మేక, చెట్టు ఒకదానిలోకి ఒకటి చొరబడే కామోద్విగ్నమైన లోకం అది. అక్కడ శరీరానికి దుస్తులు అడ్డు. వైకుంఠం లోకంలో దుస్తులే శరీరాన్ని నిర్మిస్తాయి. ఒకే ప్రాంతం, ఒకే విద్యాసంస్థ, ఒకే గురువు. అయినా ఫలితాలు ఇంత భిన్నంగా ఉన్నాయంటే ప్రాంతీయత అనే మాట ఒక్కటే ఎవరి శైలినీ వివరించలేదని గుర్తించాలి. తెలంగాణ చిత్రకారులు అనే శీర్షిక కింద వీరిద్దరినీ పక్కపక్కన నిలిపి చేతులు దులుపుకునే పద్ధతి విమర్శకు మేలు చేయలేదు.

వేషం కట్టిన స్త్రీ

వైకుంఠం తన బాల్యాన్ని గురించి చెప్పినప్పుడు రెండు జ్ఞాపకాలు ముందుకు వస్తాయి. తల్లి ఒకటి. ఊరికి వచ్చే నాటక బృందాల్లో స్త్రీ వేషం కట్టే పురుషులు రెండవది. మొదటిదాని మీద ఆయనను గురించి రాసినవారు ఎంతో శ్రద్ధ చూపారు. రెండవదానిని ముచ్చటగా ప్రస్తావించి వదిలేశారు. నిజానికి ఆయన చిత్రాల నిర్మాణ రహస్యం రెండవదానిలోనే ఉంది.

పురుషుడు స్త్రీ వేషం ధరించినప్పుడు శరీరం సహకరించదు. కాబట్టి స్త్రీత్వమంతా ఆహార్యం మీద పడుతుంది. కుంకుమబొట్టు అసలు పరిమాణం కంటే పెద్దదవుతుంది. ముఖానికి అర్దళం పూత దట్టమవుతుంది. కొప్పులో పూలు, మెడలో గుండ్లు, చేతికి నిండుగా గాజులు, రైక రంగుకూ చీర రంగుకూ కొట్టొచ్చినట్టు వ్యత్యాసం. ఇవన్నీ కాగడాల వెలుగులో వెనుక వరుసలో కూర్చున్నవాడికి కూడా ఇది స్త్రీ అని చెప్పగలిగేంత స్పష్టంగా ఉండాలి. భుజాలు మాత్రం విశాలంగానే ఉంటాయి. చేతుల బలుపు దాగదు. వైకుంఠం స్త్రీమూర్తిని ఈ వర్ణన పక్కన ఉంచి చూస్తే పోలిక ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆమె భుజాల వెడల్పు, మెడ బలం, ముంజేతుల బరువు, వాటి మీద అతిశయించిన బొట్టూ నగలూ పూలూ, కలిపిన రంగులను దూరంగా ఉంచి విడివిడి గాఢవర్ణాలనే వాడటం, అన్నీ వేదిక మీది దృశ్యతర్కాన్ని పాటిస్తాయి. మిశ్రవర్ణాలు ప్రకృతిలో ఉండవన్న భావన ఆయన మాటల్లో కనిపిస్తుంది. వృక్షశాస్త్రం దానిని ఒప్పుకోకపోవచ్చు గాని రంగస్థల శాస్త్రం ఒప్పుకుంటుంది.

తెలుగు రంగస్థలం ఈ అతిశయాన్ని బాగా ఎరుగును. స్థానం నరసింహారావు సత్యభామ, వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపం తీరప్రాంతపు ఉదాహరణలు. అవి నాగరిక ప్రశంసకు నోచుకున్నాయి. తెలంగాణ పల్లెల్లో తిరిగిన బృందాల వేషగాళ్లకు అటువంటి చరిత్ర రచన జరగలేదు. ఇక్కడ ఒక సవరణ అవసరం. చిందు భాగవతంలో స్త్రీలూ వేషం కడతారు, పురుష పాత్రలు కూడా ధరిస్తారు. చిందు ఎల్లమ్మ పేరు అందుకు చాలు. కాబట్టి స్త్రీ వేషం పురుషులదేనన్న నియమం తెలంగాణ ప్రదర్శన కళలన్నిటికీ వర్తించదు. అయినా వైకుంఠం కళకు సంబంధించినంతవరకు, ఆయన మనస్సులో నిలిచిన దృశ్యం స్త్రీగా మారుతున్న పురుషుడిది. స్త్రీత్వం పుట్టుకతో వచ్చేది కాక ధరించేదిగా ఆ బాలుడి కంటికి తోచిన క్షణం అది.

తల్లి జ్ఞాపకాన్ని ఈ వెలుగులో చూస్తే దాని పాత్ర కూడా స్పష్టమవుతుంది. వేదిక మీది వేషం ఖాళీ పాత్ర వంటిది. దానిలో నింపిన ఛాయ తల్లిది. నల్లని దేహం, నిండైన శరీరం, పని ఎరిగిన చేతులు వేషగాడి నుంచి రావు. తల్లి దేహానికి వేషగాడి ఆహార్యం తొడిగినప్పుడు వైకుంఠం స్త్రీ పుట్టింది. ఈ కలయికే ఆయన సృజన. దీనికి పూర్వరూపం చేర్యాల పటంలో లేదు, బరోడా పాఠాల్లోనూ లేదు.

బాపు బొమ్మ ఎదుట

ఈ సృజన ఎంతటి సాహసమో తెలియాలంటే అప్పటికి తెలుగు పాఠకుడి కంటిలో స్థిరపడిన స్త్రీరూపాన్ని గుర్తుచేసుకోవాలి. రవివర్మ ముద్రణచిత్రాల నుంచి వచ్చిన తెల్లని దేవతలు ఇళ్ల గోడల మీద ఉన్నారు. వడ్డాది పాపయ్య వేసిన లావణ్యమూర్తులు పత్రికల ముఖచిత్రాలను ఏలారు. అన్నిటికీ మించి బాపు గీత. తెలుగు అమ్మాయి అనగానే వాలుజడ, సన్నని నడుము, కాటుక కన్ను ఊహకు వచ్చేంతగా ఆ గీత భాషలోకే ప్రవేశించింది. బాపు బొమ్మ అనేది ఇప్పుడు నుడికారం.

బాపు బొమ్మకూ వైకుంఠం మూర్తికీ మధ్య భేదాన్ని కోస్తాకూ తెలంగాణకూ మధ్య భేదంగా కుదించడం తేలిక. అది పాక్షిక సత్యమే. మౌలికమైన భేదం వేరే ఉంది. బాపు బొమ్మ అచ్చుకాగితం బిడ్డ. దాని పక్కన ఎప్పుడూ ఒక కథో, కార్టూన్ వ్యాఖ్యో, నవల పేరో ఉంటుంది. ఆ పాఠం ఇచ్చిన ప్రాణంతో అది కదులుతుంది, అలుగుతుంది, నవ్వుతుంది. రేఖ చురుకుదనానికి కారణం కూడా అదే. ఆమెకు ఎప్పుడూ తరువాతి వాక్యం ఉంది. వైకుంఠం స్త్రీకి పక్కన పాఠం లేదు. ఎవరి కథకూ ఆమె బొమ్మ కాదు. ఎవరినో మెప్పించే పనీ ఆమెకు లేదు. చూపు తరచుగా ప్రేక్షకుడి మీద ఉండదు, పక్కకు మళ్లి ఉంటుంది. తన బరువుతో తాను కూర్చున్న నల్లని స్త్రీని సౌందర్యానికి ప్రమాణంగా నిలపడం తెలుగు దృశ్య సంస్కృతిలో చిన్న మార్పు కాదు. ఛాయ తక్కువైన ఆడపిల్లను ఎగతాళి చేసిన సినిమాలూ, పెళ్లి ప్రకటనలూ రాజ్యమేలుతున్న కాలంలో ఆ పని జరిగింది. కథ లేకపోవడం ఇక్కడ లోపం కాదు, అదే ఆమె స్వాతంత్ర్యం.

గడి లోపల

ఈ స్వాతంత్ర్యానికి చెల్లించిన వెల ఎంత అన్నది అసలు ప్రశ్న. దానికి సమాధానం వైకుంఠం చిత్రఫలకాల మీద కంటే ఆయన కళాదర్శకత్వం వహించిన ఒక చలనచిత్రంలో స్పష్టంగా దొరుకుతుంది.

బి. నరసింగరావు 1988లో తీసిన 'దాసి'కి వైకుంఠం కళాదర్శకుడు. ఆ పనికి ఆయనకు జాతీయ పురస్కారం లభించింది. నరసింగరావు స్వయంగా చిత్రకళ చదువుకున్నవారు, నగరంలోని చిత్రకారుడి సంఘర్షణనే వస్తువుగా 1983లో 'రంగుల కల' తీసినవారు. అందువల్ల ఈ ఇద్దరి కలయికను దర్శకుడు, అతడి ఆజ్ఞలు అమలు చేసిన సహాయకుడు అన్నట్టు చూడకూడదు. నిజాం కాలపు దొర గడిలో అరణంగా వచ్చిన కమలాక్షి కథ అది. అర్చన ఆ పాత్ర ధరించారు. దొర వల్ల గర్భవతి అయిన కమలాక్షికి బలవంతంగా గర్భస్రావం చేయిస్తారు. ఆడబాపల బతుకును దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవలలో చూపారు. 'దాసి' ఆ బతుకును మాటలు తగ్గించి గోడలతో, గుమ్మాలతో, పాత్రలతో చెప్పింది.

సినిమాలో ఆహార్యం ఎవరిదన్నది ఒక అధికార ప్రశ్న. నగలు దొరసానివి. చీర నాణ్యత మనిషి స్థానాన్ని చెబుతుంది. దాసి మెడ, దొరసాని మెడ ఒకే దృశ్యంలో కనిపించినప్పుడు వాటి మధ్య తేడా సంభాషణ కంటే బిగ్గరగా మాట్లాడుతుంది. గడి గోడ మందం, వాకిలి ఎత్తు, తలుపు చెక్క నునుపు కూడా పెత్తనాన్ని పలుకుతాయి. వస్తువుకూ సామాజిక హోదాకూ మధ్య ఉన్న సంబంధాన్ని ఇంత సూక్ష్మంగా ఎరిగిన కళాకారుడే తన చిత్రాల్లో ఆ సంబంధాన్ని తెంచివేశాడు. అక్కడ దాసికి దక్కని బంగారం ఇక్కడ నల్లని దేహం మీద నిండుగా ఉంది. ఇది అజ్ఞానం కాదు, అమాయకత్వమూ కాదు. తెలిసి చేసిన ఎంపిక. గడిలో కమలాక్షికి నిరాకరించిన సింగారాన్ని చిత్రకారుడు ఆమె వంటి స్త్రీకి తిరిగి ఇచ్చాడని చదివే వీలుంది. ఈ పఠనం వైకుంఠం చిత్రాలకు గొప్ప నైతిక బలాన్ని ఇస్తుంది. అయితే అది 'దాసి' తెలిసినవారికి మాత్రమే అందే అర్థం. చిత్రం తనంతట తాను ఆ నిరాకరణను చెప్పదు. నగ నిండుగా ఉన్నదని చెబుతుంది, ఎన్నడు దక్కలేదో చెప్పదు.

కథను తొలగించడంలోని నష్టం ఇక్కడ బయటపడుతుంది. చేర్యాల పటం ఎంత పౌరాణికమైనా కులాన్ని దాచదు. కులం ఎట్లా పుట్టింది, ఎవరి చేతిలో మోసపోయింది, ఏ పనిముట్టు దానికి ఎట్లా దక్కింది అన్నదే దాని వస్తువు. వైకుంఠం చిత్రంలోని స్త్రీకి కులం లేదు. పని కూడా క్రమంగా లేకుండా పోయింది. ఆశ్చర్యమేమిటంటే పురుషుడికి మాత్రం ఉంది. ఆయన పురుషమూర్తులు నుదుట నామంతోనో విభూతితోనో, భుజాన కండువాతో, ధోవతితో తరచుగా పురోహితుడిగానో జ్యోతిష్కుడిగానో గుర్తించదగినట్టుగా ఉంటారు. వారి పట్ల చిత్రకారుడికి ఒక మందహాసం కూడా ఉంది. బొజ్జలో, గిలకబారిన మెడలో, గంభీరంగా ఉండాలని పడే తాపత్రయంలో హాస్యం తొణుకుతుంది. వ్యక్తిత్వం, వృత్తి, కులం, బలహీనత అన్నీ పురుషుడికి లభించాయి. స్త్రీకి ఔన్నత్యం లభించింది. ఔన్నత్యంతో పాటు ఆమె వ్యక్తి కావడం మానింది.

పునరావృత్తి

తరువాతి దశాబ్దాల్లో ఈ మూర్తి వందల చిత్రాల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. పునరావృత్తిని తప్పుగా ఎంచేవారు యామినీ రాయ్‌ను గుర్తుంచుకోవాలి. బంగాళంలోని బేలియాతోడ్ గ్రామంలో 1887లో పుట్టిన ఆయన కలకత్తా కళాశాలలో నేర్చిన పాశ్చాత్య తైలవర్ణ పద్ధతిని వదిలి పటువాల రేఖను స్వీకరించినప్పుడు, దానితో పాటు పటువాల పని పద్ధతిని కూడా స్వీకరించారు. ఒకే బొమ్మను ఎన్నోసార్లు వేయడం, కుటుంబ సభ్యుల సహాయంతో వేయడం, సామాన్యుడికి అందే ధరకు ఇవ్వడం ఆయనకు సిద్ధాంతంలో భాగాలు. చిత్రం అద్వితీయ వస్తువు కావాలన్న నియమాన్నే ఆయన ప్రశ్నించారు. అంటే యామినీ రాయ్ సంప్రదాయం నుంచి ఆకృతితో పాటు ఉత్పత్తి విధానాన్ని కూడా తీసుకున్నారు. వైకుంఠం విషయంలో పునరావృత్తికి అటువంటి సిద్ధాంత బలం కనిపించదు. ప్రతి చిత్రమూ సంతకంతో, విడి వస్తువుగా కళాశాలల గోడలకూ, సేకరణదారుల ఇళ్లకూ చేరుతుంది. బొమ్మ మాత్రం మారదు. సంప్రదాయంలోని పునరావృత్తికి కారణం కథ. అదే పురాణాన్ని వేరే ఊళ్లో వేరే శ్రోతలకు చెప్పాలి కాబట్టి అదే బొమ్మ మళ్లీ వేయాలి. కథ లేని చోట పునరావృత్తికి గిరాకీ ఒక్కటే కారణంగా మిగిలే ప్రమాదం ఉంది.

2014లో ప్రత్యేక రాష్ట్రం ఏర్పడిన తరువాత ఈ ప్రమాదం మరో రూపం ధరించింది. తెలంగాణ స్త్రీకి ఒక ముఖం కావలసి వచ్చినప్పుడు వైకుంఠం మూర్తి సిద్ధంగా ఉంది. అనుకరణలు, ఆహ్వాన పత్రికల మీది నకళ్లు, చీరల కొంగుల మీద అచ్చులు, గృహాలంకరణ వస్తువులు వచ్చాయి. దీనికి చిత్రకారుడిని బాధ్యుడిని చేయడం అన్యాయం. తన కాలపు చిహ్నంగా మారడం ఏ కళాకారుడి చేతిలోనూ లేదు. అయినా అనుకరణ ఇంత సులభం కావడానికి కారణం చిత్రాల నిర్మాణంలోనే ఉందన్నది కాదనలేని సంగతి. ఆహార్యాన్ని నకలు చేయవచ్చు. పెద్ద బొట్టు, ముక్కుపుల్ల, గుండ్ల పేరు, ఎర్రచీర, పచ్చరైక, చిలుక అని పట్టిక రాసుకుని ఎవరైనా బొమ్మను కూర్చవచ్చు. లక్ష్మాగౌడ్ ముద్రణచిత్రానికి అటువంటి పట్టిక కుదరదు.

నకలుకు లొంగనిది వైకుంఠం కళలోనే మరొకటి ఉంది. అది తొలిదశ బొగ్గు చిత్రాల్లోని బరువు. అక్కడ రంగు లేదు కాబట్టి చీరకూ రైకకూ వైరుధ్యం చూపే అవకాశం లేదు. నగకు మెరుపు లేదు, కుంకుమకు ఎరుపు లేదు. దేహమూ, వస్త్రమూ, నగా అన్నీ ఒకే నలుపులోంచి రావాలి. బొగ్గును వేలితో అదిమి, పులిమి, తిరిగి తుడిచి సాధించిన ఆ ముదురు ఛాయల్లో భుజం వంపు నేల వైపు లాగుతుంది. మెడ ఏదో మోసి అలిసినట్టు ఉంటుంది. వేషం ఇంకా పూర్తిగా తొడగని స్త్రీ ఆమె. వర్ణచిత్రాల్లో కూడా ఉత్తమమైనవి ఈ బరువును పోగొట్టుకోలేదు. చీర రంగు ఎంత చదునుగా పరచుకున్నా దాని కింద తొడ బరువు, మోకాలి ముడుపు తెలుస్తూనే ఉంటాయి. గీత ఒకచోట మందంగా, ఒకచోట పలచగా సాగి శరీరపు మలుపును చెబుతుంది. బలహీనమైనవాటిలో గీత అంచుగా మాత్రమే మిగిలి, రంగులకు హద్దు కట్టే పనికి పరిమితమైంది.

ఈ దృష్టితో ఆయన జంట చిత్రాలను, ముఖ్యంగా స్త్రీపురుషులు పక్కపక్కన కూర్చున్నవాటిని విడిగా అధ్యయనం చేయవలసి ఉంది. వాటిలో రెండు రకాల చిత్రణ ఒకే ఫలకం మీద ఎదురెదురుగా నిలుస్తుంది. అతడి నుదుటి గుర్తు అతడు ఏ ఇంటివాడో, ఏ గుడివాడో చెబుతుంది. ఆమె నుదుటి కుంకుమ అంతకంటే పెద్దది, అంతకంటే ఎర్రనిది. అయినా ఆమె ఏ వాడ నుంచి వచ్చిందో, ఏ పటం ముందు కూర్చుని తన పుట్టుక కథ విన్నదో దానిని చూసి చెప్పడానికి వీలులేదు.